పదిహేను కొపెక్కుల సముద్రం

మీరే చంపారు.

డిప్యూటీ మేయరు గారూ, బిల్డింగు మేనేజరు రైసా గారూ, వేదిక మీద నీళ్ళ సీసాలు పెట్టుకుని కూర్చున్న కమిషన్ పెద్దలూ, మీ అందరినీ కలిపే అంటున్నాను. మా మరిదిని మీరే చంపారు. చంపి, "చట్టవిరుద్ధమైన జూదపు యంత్రం నడుపుతూ, స్వంత నిర్లక్ష్యం వల్ల" పోయాడని కాగితం మీద రాసుకున్నారు. ఆ కాగితం చదివాను. బళ్ళో నేను చదివింది తక్కువే. కానీ అబద్ధం కనపడితే గుర్తుపట్టేంత చదువు నాకుంది.

నేను షోక్‌తాస్ గనిలో లాంపు గది మనిషిని. కిందికి దిగేవాడి నెత్తికి లాంపు ఇస్తాను, నడుముకి ఊపిరి డబ్బా ఇస్తాను, పైకొచ్చాక రెండూ తిరిగి తీసుకుంటాను. బొగ్గు లోలోపల మండితే ఒక గ్యాసు పుడుతుంది. రంగు ఉండదు, వాసన ఉండదు. తల కాస్త నొప్పి పుడుతుంది, నిద్ర వస్తుంది, అంతే. అది కమ్ముకున్నప్పుడు ఆ డబ్బా నోట్లో పెట్టుకుని పరుగెత్తాలి. ఆ గ్యాసు గురించి మీరెవరూ నాకు పాఠం చెప్పక్కర్లేదు.

ఆ శీతాకాలం ఎలా గడిచిందో చెబుతాను. ఈసారైనా మధ్యలో లేచి వెళ్ళకండి.

మొదటి మంచు పడ్డ వారంలో షిరాక్ ఆ పెట్టెని ఇంటికి తెచ్చాడు.

షిరాక్ అంటే మా ఆయన తమ్ముడు. అది వాడి అసలు పేరు కాదు. మా ఇళ్ళలో కోడలు అత్తవారి వైపు వాళ్ళని పేరు పెట్టి పిలవదు. మామగారైనా, ముక్కు చీదుకుంటూ తిరిగే మరిదైనా ఒకటే. తనే ఏదో ఒక పేరు పెట్టుకోవాలి. నేను కాపురానికి వచ్చిన రోజు వాడు పెళ్ళివారి మధ్యలో కూర్చుని ఎవరిదో టార్చిలైటు విప్పేసి, మళ్ళీ బిగించడం తెలీక బిక్కమొహం వేసుకుని ఉన్నాడు. "షిరాక్" అన్నాను, దీపం అని. అప్పటినుంచీ నా నోట అదే. వాడు బతికున్నంత కాలం వాడి అసలు పేరు నా నాలుక మీదికి రాలేదు.

పెద్దయ్యాక గనిలో కరెంటు పని చేశాడు. కప్పు విరిగి వీపు మీద పడ్డాక దిగడం మానేశాడు. మా ఆయన పడమటి చమురు బావుల్లో నెలల తరబడి ఉంటాడు, కాబట్టి ఇంట్లో నేనూ, అత్తా, వాడూ. ఊరివాళ్ళ ఫ్రిజ్‌లూ టీవీలూ బాగుచేస్తూ బతికేవాడు. బాగుచెయ్యమని ఎవరూ అడగని వస్తువుల మీదే వాడికి ప్రాణం.

ఆ పెట్టె కొండల్లో మూతబడ్డ గని పిల్లల వేసవి శిబిరంలో దొరికిందట. ఎవరిదో లారీ, ఎవరివో తాళ్ళు. నలుగురు మగాళ్ళు మెట్ల మలుపులో ఇరుక్కుని బూతులు తిడుతుంటే అత్త గుమ్మంలో చేతులు కట్టుకుని నించుంది.

"ఊళ్ళో మగపిల్లలు పెళ్ళాన్ని తెచ్చుకుంటారు. వీడు బీరువా తెచ్చుకున్నాడు."

"బీరువా కాదమ్మా, సముద్రం," అన్నాడు షిరాక్, తాడు భుజాన వేసుకుని రొప్పుతూ.

"సముద్రమా? అయితే బూట్లు బయట విప్పి రా. నేల ఇప్పుడే తుడిచాను."

మా ఊరికి ఏ సముద్రమూ దగ్గర లేదు. ఈ దేశంలో ఉన్న ఒకదాన్ని మీలాంటి పెద్దలే దాని నదుల నీళ్ళు పత్తిచేలకి మళ్ళించి ఎండబెట్టేశారు. అందుకే నాకు ఆ పెట్టెని చూడగానే నవ్వొచ్చింది. చిన్నప్పుడు నేను దానితో ఆడాను. గనివాళ్ళ సాంస్కృతిక భవనంలో, కోట్లు తీసుకుని నంబరు బిళ్ళలు ఇచ్చే చోటు పక్కన ఉండేది, తర్వాత పిల్లల శిబిరానికి తరలించారు. "సముద్ర యుద్ధం." బడి ఎగ్గొట్టి వెళ్ళి, పదిహేను కొపెక్కుల బిళ్ళ వేసి, ముక్కాలి పీట ఎక్కి పెరిస్కోపులో మొహం పెట్టేదాన్ని. లోపల నీలి సముద్రం, దూరాన ఓడలు. పిడి మీద బొత్తాం నొక్కితే నీళ్ళకింద చిన్న చిన్న దీపాల వరస పరుగెత్తేది. ఓడకి తగిలితే ఎర్రటి మెరుపు, పెద్ద చప్పుడు. తగలకపోతే ఓడ తన దారిన తాను పోయేది.

ఇప్పుడు లోపల ఎలుక గూడు. ఓడల్ని లాగే గొలుసు తుప్పుముద్ద. అద్దం వెనక పూత గుడ్డు పెంకులా రాలిపోయింది.

షిరాక్ నెలంతా దాని ముందే. కరెంటు కలిపే రిలే ముళ్ళని ఒక్కొక్కటీ స్పిరిట్‌లో ముంచిన గుడ్డ పేలికతో తుడిచేవాడు. ఒకరోజు ఆ పేలిక చూసి అడిగాను.

"ఇది మీ అన్న చొక్కా కదూ?"

"చొక్కానే. మంచి నూలు. వేరే బట్టయితే పోగులు వదులుతుంది వదినా."

"ఆయన వస్తే ఏం చెప్పను?"

"అన్న వచ్చేసరికి ఓడలు తిరుగుతుంటాయి. ఒక్కటి ముంచాడంటే చొక్కా మాట దేవుడెరుగు, పెళ్ళాన్ని కూడా మర్చిపోతాడు."

"నన్ను మర్చిపోయి చాలా ఏళ్ళయింది గాని, నువ్వు దీపాల సంగతి చూడు."

దీపాలు నేనే తెచ్చాను. లాంపు గదిలో పారేసిన పాత బల్బులు. వాటికి ఆ పెట్టె కరెంటు ఎక్కువట, రెండేసి కలిపి కట్టాడు. అద్దం పై అంతస్తు అగాతా గెన్రిఖొవ్నా ఇచ్చింది, తన పెళ్ళినాటి అలమరా తలుపుది. "నా మొహం చూసుకునే పని నాకింక లేదు, ఓడల్ని చూసుకోనీ," అంది. ఆవిడ జర్మన్ల మనిషి. ఆవిడ తల్లిదండ్రుల్ని యుద్ధకాలంలో పశువుల రైల్లో తెచ్చి ఈ మైదానంలో దింపేశారు. మొదటి చలికాలం మట్టిగుంతలో, పాత పీపాతో చేసిన పొయ్యి పక్కన గడిపారు. ఆ గుంతలోంచి అందరూ బయటికి రాలేదు. అందుకే ఎంత చలైనా ఆవిడ కిటికీ కొంచెం తెరిచే ఉంచుతుంది.

ఓడలు మొదటిసారి తిరిగిన రోజు మెట్ల మీద మనుషులు నిలబడే జాగా లేదు. అగాతా ముందు ఆడింది. పెరిస్కోపులో మొహం పెట్టి, పిడులు పట్టుకుని, "ఎడమకి లాగుతోంది. భవనంలో ఆడినప్పుడూ ఇలాగే లాగేది," అంది. తర్వాత నొక్కింది. ఎర్రగా మెరిసింది.

"మీ ఆయన నేవీలో ఉండేవాడా ఏంటి బామ్మా?" అని ఎవరో అడిగారు.

"ఉండేవాడు. వంటవాడు. తప్పుకో, ఇంకో ఓడ వస్తోంది."

ఒక్క మాట ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే మీరు దీన్నే పట్టుకుని వేలాడారు. ఆ పెట్టె నాణెం లేకపోతే కదలదు. నాణెం అంటే పదిహేను కొపెక్కుల బిళ్ళ. ఆ బిళ్ళ ముద్రించిన దేశం ఇప్పుడు లేదు. శిబిరం మూసిన రోజున పెట్టె అడుగున ఎవరూ తియ్యని బిళ్ళలు గుప్పెడు మిగిలాయి. వాటిని టీ గిన్నెలో పోసి పైన పెట్టాడు. ఎవరైనా ఒకటి తీసుకోవాలి, వెయ్యాలి, ఆడాలి. గిన్నె ఖాళీ అయితే కింద తలుపు తీసి మళ్ళీ గిన్నెలో పోసేవాడు. ఒక తీగ కలిపితే బిళ్ళ అవసరమే ఉండదు, పరీక్ష చేసేటప్పుడు అలాగే నడిపేవాడు. మరి ఆ తీగ అలా ఉంచెయ్యొచ్చుగా అంటే, "బిళ్ళ పడే చప్పుడు లేకపోతే అది ఆట కాదు వదినా, స్విచ్చి," అన్నాడు.

ఇదీ మీ జూదం.

డిసెంబరు మధ్యలో ఒక పొద్దున గదిని వెచ్చబెట్టే వేడినీళ్ళ రేడియేటరు మీద చెయ్యి వేస్తే శవం మీద వేసినట్టుంది.

ఇళ్ళన్నిటికీ గొట్టాల్లో వేడినీళ్ళు పంపే ప్లాంటు ఆగిపోయింది. బాయిలరు పగిలింది. వేసవిలో దాన్ని విప్పి బాగుచెయ్యాలి. వేసవిలో మీరు చేసింది దాని ప్రహరీకి రంగు వెయ్యడం. ఆకుపచ్చ రంగు, నాకు గుర్తుంది. బయట మైనస్ ముప్పై అయిదు. సాయంత్రానికి గొట్టాల్లో నీళ్ళు గడ్డకట్టి రేడియేటర్లు టపటపా పేలాయి. మా మెట్ల మీద మంచు జలపాతం వేలాడింది. "రెండు మూడు రోజులు ఓపిక పట్టండి" అని రేడియోలో చెప్పారు. తర్వాత ఇనప పొయ్యిలు తెచ్చి లారీలోంచి పంచారు. బొగ్గు కూడా వస్తుందన్నారు.

అయిదంతస్తుల బిల్డింగు, ఒక్కో మెట్ల దారికి కొన్నేసి ఇళ్ళు; ఒకే మెట్లు వాడేవాళ్ళని మెట్లవాళ్ళంటాం. పొయ్యి వాడకం అందరూ మర్చిపోయి రెండు తరాలయింది. అయినా బతకాలి కదా, ప్రతివాడూ కిటికీ అద్దం ఒకటి తీసి, రేకు పెట్టి, పొగగొట్టం బయటికి తోశాడు. వీధిలోంచి చూస్తే బిల్డింగుకి ముళ్ళు మొలిచినట్టుండేది. ప్రతి ముల్లు చివరా పొగ. వికారంగా ఉండేది, ఒప్పుకుంటాను. ఆ వికారమే మమ్మల్ని బతికించింది.

అత్త దగ్గు తగ్గకపోతే ఆడబిడ్డ ఊరు పంపించాం, అక్కడ ఇటుక పొయ్యి ఉంది. బండి ఎక్కుతూ కొడుకుని పిలిచి, "నా మంచం మీద నీ ఇనప సామాను పెట్టావో, వచ్చి నిన్నే పొయ్యిలో పెడతాను," అంది.

మిగిలిన మెట్లవాళ్ళంతా షిరాక్ గదిలోకి చేరారు. మనిషికి మనిషి ఆనుకుంటే వెచ్చన. పిల్లలు వంతు కోసం కొట్టుకునేవాళ్ళు. షిఫ్టు దిగొచ్చిన గనివాళ్ళు మొహం మీద బొగ్గు కూడా సరిగా కడుక్కోకుండా పెరిస్కోపు రబ్బరులో మొహం పెట్టేవాళ్ళు, లేచేసరికి కళ్ళ చుట్టూ గుండ్రాలు. ఒకటో అంతస్తు మైరా చంటిబిడ్డని ఒళ్ళో వేసుకుని మూల కూర్చునేది. బిడ్డ ఏడిస్తే షిరాక్ బొత్తాం నొక్కేవాడు, పేలుడు చప్పుడుకి బిడ్డ నోరు మూసేసి పెట్టెకేసి చూసేది.

"నీ పిల్ల మిలిటరీలో చేరుతుంది మైరా."

"చేరనీ. అక్కడ వేడినీళ్ళయినా ఉంటాయి."

నవ్వేవాళ్ళం. ఆ చలిలో నవ్వాం అంటే ఆ గది వల్లే. దాన్ని మీరు "అడ్డా" అని రాశారు.

కొత్త సంవత్సరం దాటాక మంత్రి వస్తున్నాడని తెలిసింది. టీవీవాళ్ళతో సహా.

మరునాడే రైసా వచ్చింది, వెనక డిప్యూటీ మేయరు. మెరిసే బూట్లు, బొచ్చు టోపీ. మా మెట్లవాళ్ళని పోగేసి రైసా గొంతు సవరించుకుంది.

"పొగగొట్టాలన్నీ లోపలికి లాగాలి. వంటింట్లో గోడకి గాలి కన్నం ఉంది కదా, అందులోకి పెట్టండి. అది తిన్నగా పైకప్పు దాకా పోతుంది. పొగ పైకి పోతుంది, గోడలు శుభ్రంగా ఉంటాయి."

"ఆ దారి పొగ కోసం కట్టింది కాదు," అన్నాను. "అందరికీ అదొక్కటే. కిందివాడి పొగ పైవాడి వంటింట్లోకి వస్తుంది. ఈ చలికి పైన మూతి మంచుతో పూడుకుపోయి ఉంటుంది."

"నువ్వు ఇంజనీరువా ఉల్బొసిన్?" అన్నాడు డిప్యూటీ. నా పేరు ఆయనకి బాగా తెలుసు. గనిలో జీతాల గొడవప్పుడు గేటు ముందు పీపా ఎక్కి అరిచింది నేనే.

"కాదు. ఊపిరి తీసుకునేదాన్ని."

ఒకటో అంతస్తులో ఒకరిద్దరు భయపడి అప్పటికే గొట్టం గోడలోకి పెట్టేశారు. నేను సంచిలోంచి గ్యాసు మీటరు తీశాను. అరచేతిలో పట్టే వస్తువు, లాంపు గదిది. షిఫ్టు మధ్యలో ఎవరికీ చెప్పకుండా తెచ్చాను. మా వంటింటి గాలి కన్నం దగ్గర పెట్టాను. అది కీచుమని అరవడం మొదలుపెట్టింది. చెవులు చిల్లులు పడేలా అరిచింది. అందరూ డిప్యూటీ మొహంకేసి చూశారు.

"దాన్ని ఆపు," అన్నాడు.

"అది ఆగదు. గాలి ఆపాలి."

"అది గని పరికరం. ఇది నివాస భవనం. గని ఆస్తి ఇంటికి ఎలా తెచ్చావు?"

ఇదీ ఆయన అడిగిన ప్రశ్న. అంతమంది విన్నారు. మర్నాడు లాంపు గదిలో మీటర్లున్న అలమరాకి తాళం పడింది, తాళంచెవి నా దగ్గర లేదు.

షిరాక్ గొట్టం లాగలేదు. "మన కిటికీ, మన గొట్టం. ఫోటో తీసుకుంటే తీసుకోనీ," అన్నాడు. ఇంకో ముగ్గురు కూడా లాగలేదు. అప్పుడు మీరు ఏం చేశారో గుర్తుందా? బొగ్గు లారీ మా వీధిలోకి వచ్చింది. పక్క మెట్లకి దింపింది, అవతలి మెట్లకి దింపింది, మా మెట్ల ముందు ఆగకుండా వెళ్ళిపోయింది. రైసా కిటికీలోంచి అరిచింది: "మీ మెట్లలో ఒక్క గొట్టం బయట కనిపించినా మొత్తం మెట్లకి బొగ్గు లేదు! పైనుంచి ఆర్డరు!"

ఆ సాయంత్రం మైరా మా గుమ్మంలో నించుంది. బిడ్డని రెండు దుప్పట్లలో చుట్టింది, ముక్కు కొన మాత్రమే కనపడుతోంది.

"అన్నా, నేనేం అనను. ఇల్లు నీది," అంది.

వాడు ఆటవాళ్ళని కాసేపు పక్కకి జరగమని, కుర్చీ ఎక్కి గొట్టం విప్పాడు. మసి వాడి మొహం మీద పడింది. నేను కుర్చీ పట్టుకున్నాను.

"పెట్టకు అబ్బాయ్," అన్నాను.

"పెట్టకపోతే ఆ పిల్ల ఏమవుతుంది వదినా? మంత్రి వచ్చి వెళ్ళిపోగానే తీసేద్దాం. అప్పటిదాకా కిటికీ తెరుచుకుని కూర్చుంటాం, అగాతా బామ్మలాగ."

మర్నాడు బొగ్గు వచ్చింది.

మంత్రి వచ్చే రోజు నాకు మొదటి షిఫ్టు. బయల్దేరుతుంటే వాడు పెట్టె వెనక రేకు తీసి లోపలికి తల పెట్టి ఉన్నాడు. పొయ్యి వేడికీ, కిటికీ సందులోంచి కొట్టే చలికీ మధ్య అగాతా ఇచ్చిన అద్దం మీద మంచుపువ్వులు పూస్తున్నాయి. తుడిస్తే మళ్ళీ పూస్తున్నాయి.

"సముద్రం కనపడట్లేదు వదినా. అంతా పొగమంచు. సాయంత్రం బామ్మ వస్తుంది, ఏం చూపించను?"

"పొగమంచులోనే ఆడుకోమను. కిటికీ మాత్రం ముయ్యకు. మూశావో, చంపుతాను."

"నీ చేతిలో పోతే పుణ్యమేలే. వెళ్ళు, బస్సు పోతుంది."

మధ్యాహ్నం ఇంటికి వస్తుంటే వీధులన్నీ ఊడ్చి ఉన్నాయి. బిల్డింగు గోడలు నున్నగా ఉన్నాయి, ఒక్క ముల్లు కూడా లేదు. మెట్ల మీద పిల్లలు లేరు. వాళ్ళని జెండాలిచ్చి చౌరస్తాలో నిలబెట్టారు. తల్లులు వాళ్ళ వెంట వెళ్ళారు. మంత్రి కార్లు పెద్ద రోడ్డు మీదుగానే వెళ్ళిపోయాయి. మా వీధిలోకి తిరగనే లేదు.

తలుపుకి గడియ వేసి లేదు. లోపల గొలుసు చప్పుడు వినిపిస్తోంది, ఓడలు తిరుగుతున్న చప్పుడు. బిళ్ళ లేకుండా నడిచే తీగ పెట్టుకున్నాడన్నమాట. వాడు నడుం నొప్పికి వేసుకునే ఎత్తు పీట మీద కూర్చుని ఉన్నాడు. నుదురు పెరిస్కోపు రబ్బరుకి ఆనించి, ఛాతీ పెట్టెకి ఆనించి.

"ఎన్ని ముంచావు నాయనా?" అన్నాను. బూట్లు విప్పాను. "టీ తాగావా, సముద్రం నీళ్ళే తాగుతున్నావా?"

క్యాంటీన్ నుంచి తెచ్చిన వేయించిన పిండి ముద్దల మూట బల్ల మీద పెట్టాను, వాడికి ఇష్టమని.

"నీతోనే మాట్లాడుతున్నాను. ఇన్నాళ్ళూ గుడ్డి గురి అనుకున్నాను, చెవుడు కూడానా?"

కిటికీ సందులో పాత ఉన్ని పట్టీ కుక్కి ఉంది.

ముందు కిటికీ. లాంపు గదిలో అందరికీ అదే నేర్పుతారు, నేనూ కొత్తవాళ్ళకి అదే చెబుతాను. పొయ్యి ఊచతో అద్దాలు రెండు పొరలూ పగలగొట్టాను. తర్వాత వాడిని పీట మీంచి దించాను. చేతులు ఇంకా వెచ్చగా ఉన్నాయి, పొయ్యి దగ్గర కాబట్టి. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి, మంచులో ఆడుకుని వచ్చిన పిల్లాడికిలాగ. ఆ ఎరుపు ఏమిటో నాకు తెలుసు. గనిలోంచి పైకి తెచ్చినవాళ్ళ మొహాల మీద చూశాను.

ఎప్పుడో, మనుషులు వచ్చాక, తీగ లాగేద్దామని పెట్టె దగ్గరికి వెళ్ళి ఒక్కసారి రబ్బరులోకి చూశాను. అద్దం మీద మంచు లేదు. సముద్రం కొస దాకా కనిపిస్తోంది. ఓడ ఒకటి ఎడమ నుంచి కుడికి పోయింది.

ఇంట్లోనే ఉండిపోయిన మైరానీ, చంటిబిడ్డనీ అదే సాయంత్రం ఆసుపత్రికి తీసుకెళ్ళారు. వాళ్ళు కళ్ళు తెరిచారు. చీకటి పడేలోగా మా మెట్లలో ప్రతి కిటికీలోంచీ గొట్టం బయటికి వచ్చింది, ఎవరూ ఎవరికీ చెప్పకుండానే.

అవును, కిటికీ మూశాడు. మీ కాగితంలో రాసిన ఆ ఒక్క ముక్క నిజమే. మైనస్ ముప్పై ఎనిమిదిలో ఒక మనిషి తన కిటికీ తను మూసుకున్నాడు. ఈ ఊళ్ళో మూసుకోని వాడెవడు? మీరు మూసుకోలేదా? మీ కిటికీ మూసినా మీరు బతికే ఉన్నారు, ఎందుకంటే మీ పొగని మీ గోడలో పెట్టమని ఎవరూ ఆర్డరు వెయ్యలేదు.

నేల తవ్వడానికి వీలుకాక పాత టైర్లు కాల్చి మట్టి మెత్తబడ్డాక గోతి తీశారు. మా ఆయన రెండు రైళ్ళు మారి, ఆఖరి గుప్పెడు మట్టికి అందాడు. ఇంటికొచ్చి పెట్టె ముందు నించుని, దారం మీద వేలాడుతున్న ఆ చొక్కా పేలిక చూసి, "ఇది నాదేనా?" అన్నాడు. నేను తల ఊపాను. దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఆ వారమే పోలీసులు వచ్చారు. జూదపు యంత్రాలు అనుమతి లేనిచోట ఉండకూడదట. కొత్త కుర్ర ఇన్‌స్పెక్టరు పెట్టె కింద తలుపు పెకలించి బిళ్ళలు బల్ల మీద పోశాడు.

"ఆదాయం," అన్నాడు.

"చూసి మాట్లాడు నాయనా," అంది అగాతా. "ఆ బిళ్ళతో రొట్టె కొనుక్కొచ్చి చూపించు, నేనే జైలుకొస్తాను."

వాడు బిళ్ళ తిప్పి చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. అయినా సంచిలో వేసి మూతి కట్టాడు, ఆర్డరు కదా. పెట్టెని దించేటప్పుడు అదే మెట్ల మలుపులో ఇరుక్కుంది. బూతులు తిట్టడానికి కూడా ఎవరికీ నోరు రాలేదు. ఇప్పుడది పోలీసు గోదాములో, తడి నేల మీద ఉంది. గొలుసు మళ్ళీ తుప్పు పడుతూ ఉంటుంది.

మంచు కరిగాక మీ కమిషన్ సాంస్కృతిక భవనంలో కూర్చుంది. ఒకప్పుడు ఆ పెట్టె ఉన్న హాలే. మీరు కాగితం చదివారు. "ఉద్యోగం లేని పౌరుడు, ఇంట్లో జూదపు అడ్డా నిర్వాహకుడు" అన్నారు. నేను లేచాను. గొట్టాల ఆర్డరు ఎవరిచ్చారని అడిగాను. మా మెట్లకి బొగ్గు ఆపింది ఎవరని అడిగాను. మీటరు అరిచినప్పుడు చెవులు మూసుకున్నది ఎవరని అడిగాను.

డిప్యూటీ మేయరు కలం పట్టుకుని, చాలా మర్యాదగా అన్నాడు:

"మీరు ఎవరి గురించి మాట్లాడుతున్నారో స్పష్టంగా ఉండాలి కదా. మృతుడి పేరు చెప్పండి. మారు పేర్లు రికార్డులోకి ఎక్కవు."

అని చిన్నగా నవ్వాడు. ఆయనా మా జాతివాడే. ఆయన ఇంట్లోనూ కోడళ్ళున్నారు. వదిన మరిది పేరు నలుగురిలో పలకదని, పలికితే అత్తకి తలవంపులని, ఆయనకి తెలుసు. తెలిసే అడిగాడు.

నేను నిలబడిపోయాను. పీపా ఎక్కి పోలీసుల మొహం మీద అరిచిన నోరు నాది. మూతబడిపోయింది.

ముందు వరసలో తెల్ల తలగుడ్డ కదిలింది. అత్త కర్ర పట్టుకుని లేచింది. నాకేసి చూడలేదు, వేదికకేసే చూసింది.

"చెప్పు కోడలా," అంది. "వాడు నా కడుపున పుట్టాడు, నీ చేతి రొట్టె తిని పెరిగాడు. నా ముందే చెప్పు. గట్టిగా చెప్పు, ఈ పెద్దాయనకి చెవులు మందం."

"సగిందిక్," అన్నాను.

ఎన్నేళ్ళ పరిచయమో ఆ మనిషితో, ఆ మాట మాత్రం నోట్లో కొత్త పన్నులా ఉంది. ఇంకోసారి అన్నాను. మూడోసారి నాతోపాటు మైరా అంది, వెనక వరసలో ఎవరో అన్నారు, తర్వాత ఎవరెవరు అన్నారో నాకు తెలీదు. మీరు సభ వాయిదా వేసుకుని పక్క తలుపులోంచి వెళ్ళిపోయారు. వెళ్ళేముందు ఏదైనా రాసుకున్నారో లేదో నేను చూడలేదు.

అందుకే ఇది రాస్తున్నాను.

ఇది మే నెల. బాయిలరు చల్లగా ఉంది. ఇప్పుడే విప్పండి. ప్రహరీకి రంగు వద్దు, లోపలికి వెళ్ళండి. మళ్ళీ మంచు పడేలోగా గోడల్లోని గాలి దారులు తెరిపించండి, ప్రతి ఇంటికీ ఆ అరిచే మీటరు ఒకటి ఇవ్వండి, అది అరిస్తే ఆపమనకండి. గొట్టాలు లోపలికి లాగమని ఆర్డరు ఇచ్చినవాణ్ణీ, బొగ్గు ఆపినవాణ్ణీ కోర్టులో నిలబెట్టండి. పెట్టెని గోదాములోంచి తీసి మా మెట్లకి తిరిగి తెండి, బిళ్ళలతో సహా. అగాతా గెన్రిఖొవ్నా సాయంత్రం టీ తాగాక ఇప్పటికీ కిందికి దిగి మా తలుపు దగ్గర కాసేపు నించుని వెళుతోంది. ఆవిడ వంతు మిగిలి ఉంది.

ఆ కాగితంలో "స్వంత నిర్లక్ష్యం" అన్న మాట కొట్టెయ్యండి. "పౌరుడు" అన్నచోట మనిషి పేరు పెట్టండి. నేను నోటితో పలికాను. మీరు చేత్తో రాయండి: సగిందిక్.